ఇంజిను తిరుపతిలో, బాడీ చిత్తూరులో

ఉద్యోగ విరమణ అనగానే మీకు శాలువా, పూలదండ, గోడగడియారం గుర్తొస్తాయి. నా విరమణలో ఈ మూడూ లేవు. ముప్పై మూడో ఏట, ఒక శనివారం మధ్యాహ్నం, బ్యాటరీ యాసిడ్ నా ఏడో చొక్కాను కూడా తినేసింది. ఇక అది తినడానికి మిగిలింది నేనే అని అర్థమై పని మానేశాను. మా మేస్త్రి తల ఎత్తకుండా "సరేలే, ఆ టెస్టరు ఈడ పెట్టిపో" అన్నాడు. వీడ్కోలు సభ అక్కడితో ముగిసింది.

నేను ఆటో ఎలక్ట్రీషియన్ని. తిరుపతిలో, కొండకు పోయే రోడ్డుకు దగ్గరగా ఉన్న ఒక మెకానిక్ షెడ్డులో పదకొండేళ్ళు పనిచేశాను. ఇప్పుడు కంప్యూటరు తగిలించి బండి జబ్బు కనిపెడుతున్న కుర్రవాళ్ళు అప్పుడప్పుడూ వచ్చి, మీ రోజుల్లో ఎట్లా కనుక్కునేవాళ్ళని అడుగుతుంటారు. ప్లగ్గు వైరు పట్టుకునేవాళ్ళం. చెయ్యి విదిలించుకుంటే కరెంటు వస్తున్నట్టు, విదిలించుకోకపోతే రానట్టు. ఇంతకన్నా శాస్త్రం మాకు తెలీదు.

వాళ్ళు మళ్ళీ మళ్ళీ చెప్పించుకునే సంగతి మాత్రం ఒకటుంది. అది నా వల్ల ఓడిపోయిన ఒక రేసు సంగతి. ఓడిపోయామని ముందే చెప్పేస్తున్నాను. చివర్లో ఎవరో మమ్మల్ని భుజాల మీద ఎత్తుకుంటారని ఎదురుచూసి మోసపోకండి.

మా షెడ్డు మూలలో, ఇనుప స్టాండు మీద, గోనెపట్టా కప్పుకొని ఒక ఇంజిను ఉండేది. చేరిన కొత్తలో అది పిండిమర ఇంజిననుకున్నాను. ఆ మాట పైకి అన్నందుకు మేస్త్రి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆయుధపూజ నాడు అసలు సంగతి తెలిసింది. అన్ని బండ్లకూ గుమ్మడికాయలు కొట్టడం అయ్యాక మేస్త్రి గోనెపట్టా తీసి, సీసాతో పెట్రోలు పోసి, బ్యాటరీ తగిలించమన్నాడు. నేను వైరు ఆనించగానే అది ఒక్క అరుపు అరిచింది. రేకుల కప్పు మీదున్న దుమ్మంతా రాలి మా నెత్తిన పడింది. పక్కనున్న ఇడ్లీ అంగడాయన ఏటా ఆ రోజు చట్నీ గిన్నెను ఒళ్ళో పెట్టుకొని కూర్చునేవాడు. అయిదు నిమిషాలు అట్లా గర్జించి, ఒక్క అంగుళం కూడా కదలకుండా, ఆ ఇంజిను మళ్ళీ గోనెపట్టా కిందికి పోయేది. ఏడాదికి సరిపడా సంతోషం మేస్త్రి ముఖంలోకి వచ్చేది.

ఆ ఇంజిను తాలూకు బాడీ చిత్తూరులో ఉంది.

పాతికేళ్ళ కిందట మా మేస్త్రీ, ఆయన అక్క మొగుడూ కలిసి ఒక రేసు బండి కట్టారు. మేస్త్రిది ఇంజిను పని. బావది రేకుల పని. చిత్తూరులో బస్సులకు బాడీలు కట్టే చోట సొట్టలు తీసేవాడు. ఒక పాత అంబాసిడర్ ఇంజినుకు రెండు కార్బురేటర్లు పెట్టి దాని ఊపిరి పెంచింది మేస్త్రి. బస్సులకు వాడగా మిగిలిన అల్యూమినియం రేకుతో, ఒక్క మనిషి పట్టే పొడుగాటి బాడీ కొట్టింది బావ. తలుపుల్లేవు, కప్పు లేదు, ముందు అద్దం లేదు. దాన్ని అందరూ స్పెషల్ అనేవాళ్ళు. మద్రాసు అవతల, ఎప్పుడో విమానాల కోసం వేసి వదిలేసిన రన్‌వే మీద అప్పట్లో రేసులు జరిగేవి. వాటిలో డ్రాగ్ రేసు అన్నిటికన్నా చిన్నది. రెండు బండ్లు పక్కపక్కన నిలబడతాయి, జెండా ఊపుతారు, పావు మైలు తిన్నగా పోతాయి. ముందు గీత దాటిందే గెలిచినట్టు. ఆర్నెల్లు కష్టపడి ఇరవై సెకండ్లు చూసే వినోదం అది.

స్పెషల్ ఆ ఇరవై సెకండ్లు కూడా చూపించలేదు. మొదటి పరుగులోనే సగం దారిలో ఆగిపోయింది. ఇంజిను పట్టేసిందని బావ. కాదు, బావ బిగించిన పైపు మడతపడి పెట్రోలు అందలేదని మేస్త్రి. మాటా మాటా పెరిగి, రన్‌వే మీదే భాగాలు పంచుకున్నారు. అన్నదమ్ములు పొలం పంచుకుంటే గట్టు వేసుకుంటారు. వీళ్ళు బోల్టులు విప్పుకున్నారు. ఇంజిను తిరుపతి లారీ ఎక్కింది, బాడీ చిత్తూరు లారీ ఎక్కింది. ఆ తర్వాత పాతికేళ్ళు ఇద్దరూ నేరుగా మాట్లాడుకోలేదు. పెళ్ళి భోజనాల్లో పక్కపక్కనే కూర్చున్నా, "మీ తమ్ముణ్ణి ఆ ఉప్పు ఇట్ట జరపమను" అని బావ, "మీ ఆయన్నే చెయ్యి చాపమను" అని మేస్త్రి. మధ్యలో అక్క.

అక్క ఆ బాడీని పెరట్లో తన కోళ్ళకు ఇచ్చేసింది. డ్రైవరు సీటులో ఒక పెట్ట పొదిగేది. ఆయుధపూజ రోజు మాత్రం బావ కోళ్ళను తరిమి, రేకును చింతపండుతో తోమి, బొట్టు పెట్టి దండ వేసేవాడు. అంటే ఏటా ఒకే రోజున తిరుపతిలో బండి లేని ఇంజిను అరిచేది, చిత్తూరులో ఇంజిను లేని బండి దండ వేసుకునేది. మధ్యలో డెబ్బై కిలోమీటర్ల రోడ్డు ఖాళీగా ఉండేది.

రెండువేల సంవత్సరం దాటి రెండు మూడేళ్ళయి ఉంటుంది. మద్రాసు నుంచి దర్శనానికి వచ్చిన ఒక పెద్ద వయసు డాక్టరు, కారు డైనమో చెడిపోయి మా షెడ్డుకు వచ్చాడు. నేను డైనమో విప్పుతుంటే, ఆయన చేతులు ఊరుకోక మూలలో ఉన్న గోనెపట్టా ఎత్తి చూశాడు. చూసి అక్కడే ఒక టైరు మీద కూర్చుండిపోయాడు.

"ఇది ఆ స్పెషల్ ఇంజిన్ కదా సార్! దీని పక్క లైన్లో హెరాల్డ్ కారుతో నిలబడింది నేనే. దీని పొగ అంతా నా నోట్లోనే పోయింది."

మా మేస్త్రిని సార్ అని పిలిచినవాణ్ణి నా పదకొండేళ్ళలో ఆయన్నొక్కణ్ణే చూశాను. మేస్త్రి తడబడి ఆయనకు నూనె చేత్తోనే నమస్కారం పెట్టాడు.

డాక్టరు చెప్పింది ఇదీ. ఆ చలికాలంలో, అదే రన్‌వే మీద, అప్పటి పాత రేసు బండ్లకు మాత్రమే ఒక రోజు పోటీ పెడుతున్నారు. స్పెషల్ కూడా రావాలి. ఒక్కటే నియమం: ఇంజినూ, బాడీ రెండూ అప్పటివే అయి ఉండాలి.

డాక్టరు వెళ్ళాక మేస్త్రి చాలాసేపు ఒకే స్పానరును తుడుస్తూ కూర్చున్నాడు. తర్వాత లేచి చిత్తూరుకు ఫోను చేశాడు.

"అక్కా, నేను. ఆ కోళ్ళగూడు ఇంకా ఉండాదా, పాత ఇనుముకు ఏసేసినాడా, మీ ఆయన్ని అడుగు."

అక్క గొంతు ఫోనులోంచి షెడ్డంతా వినబడేది. ఆమెకు నిజానికి ఫోను అవసరం లేదు.

"ఈన్నే కూసోనుండాడు. నువ్వే అడుగు."

"నేను అడగను."

"ఏమయ్యా, నీ బామ్మర్ది బండి ఉండాదా అంటా ఉండాడు."

దూరంగా బావ గొంతు: "ఉండాదని చెప్పు. దాని ఇంజినే యాడనో పిండి ఆడిస్తా ఉండాదంట, నిజమేనా అని అడుగు."

"ఇనబడింది లే! పిండి ఆడించినా తిరగతా ఉండాదని చెప్పు. రేకు మాత్రం గుడ్లు పెడతా ఉండాదంట గదా అని చెప్పు."

"మీ ఇద్దరి మొగాలు మండ, నేనేమన్నా టెలిఫోను ఎక్స్ఛేంజీనా?" అని అక్క ఠక్కున పెట్టేసింది.

అయినా నాలుగు ఫోన్లలో ఒప్పందం కుదిరింది. దాన్ని కాగితం మీద పెట్టే పని నాది. బండిని మళ్ళీ కలపాలి. రేసులో ఇంజిను వల్ల ఆగితే ఇంజిను శాశ్వతంగా చిత్తూరుకు. బాడీ వల్ల ఆగితే బాడీ శాశ్వతంగా తిరుపతికి. పాతికేళ్ళుగా తేలని తప్పు ఈసారి తేలిపోవాలి.

"గెలిస్తే ఏమని రాసేది మేస్త్రీ?" అని అడిగాను. ఆయన నన్ను వింతగా చూశాడు. బావ వైపు నుంచి కూడా ఆ ప్రశ్న రాలేదు. ఒకరి మీద ఒకరికి ఉన్న నమ్మకం అలాంటిది.

నవ్వులాటగా రాస్తున్నాను గానీ, సంతకం పెట్టేముందు మేస్త్రి పోయి ఇంజిను మీది గోనెపట్టా సర్ది వచ్చాడు. ఓడితే ఆ మూలలో ఖాళీ స్టాండు మిగులుతుంది. ఆయుధపూజ రోజు ఇడ్లీ అంగడాయన చట్నీ గిన్నె కింద పెట్టుకొని హాయిగా కూర్చుంటాడు. అది మేస్త్రి తట్టుకోలేడు. చిత్తూరులో బావ సంతకం పెట్టి, కలానికి మూత పెట్టడం మరిచి జేబులో పెట్టుకున్నాడు. చొక్కా అంతా సిరా అయ్యేదాకా ఆయనకు తెలియలేదు.

బండిని అక్క పెరట్లో కలిపాం. ఎలక్ట్రీషియన్ వైరు ఒక కొస ఇంజినులో, ఒక కొస బాడీలో ఉంటుంది కాబట్టి నేను ఏ పక్షమూ కాదని తీర్మానించి, నన్ను మధ్యలో నిలబెట్టారు. ఆ బండిలో నా వైర్లు మొత్తం నాలుగు. మిగతా సమయమంతా మాటలు మోశాను. వాళ్ళిద్దరూ రెండడుగుల దూరంలోనే ఉండేవాళ్ళు.

"అబ్బయా, ఎడమ పక్క కొంచిం ఎత్తమని ఆయనకు చెప్పు," అనేవాడు మేస్త్రి.

"పెద్దాయనా, ఎడమ పక్క కొంచెం ఎత్తాలంట."

"ఎత్తినానని చెప్పు," అనేవాడు బావ.

"ఎత్తినాడంట మేస్త్రీ."

"కనబడతా ఉండాది లేరా, నాకేమన్నా కండ్లు లేవా!"

గొలుసు మీద ఇంజిను మెల్లగా దిగింది. పాతికేళ్ళ తర్వాత నాలుగు రంధ్రాలూ నాలుగు బోల్టులకు ఎదురుగా వచ్చి ఆగాయి. సుత్తి అవసరం పడలేదు. ఇద్దరూ ఒకేసారి ఆ బోల్టుల వైపు చూసి, ఒకేసారి తలలు తిప్పుకున్నారు. అక్క కోళ్ళకు గింజలు చల్లుతూ, "పెండ్లిచూపులు అయినాయా? కాఫీ తెచ్చేదా?" అంది. నేను నవ్వి, ఇద్దరి చేతా తిట్లు తిన్నాను.

ఇక డ్రైవరు కావాలి. మేస్త్రి తన కొడుకును తెస్తానన్నాడు. బావ తానే తోలతానన్నాడు, అరవై దాటి మోకాలు వంగకపోయినా. అవతలి మనిషి తోలితే కావాలనే నా భాగాన్ని పాడుచేస్తాడని ఇద్దరి అనుమానం. అప్పుడు నేను నా ఉద్యోగ జీవితంలో ఏకైక సొంత ఆలోచన చేశాను.

డ్రాగ్ రేసులో సగం గెలుపు మొదటి కదలికలో ఉంటుంది. క్లచ్ వదలడం తెలిసినవాడు కావాలి. మా ఊళ్ళో క్లచ్ వదలడం తెలిసినవాళ్ళంతా కొండకు టాక్సీలు తోలేవాళ్ళే. వాళ్ళలో మా షెడ్డుకు వచ్చే అంబాసిడర్ డ్రైవరన్న ఒకడున్నాడు. నలభై అయిదేళ్ళుంటాయి. తక్కువ మాట్లాడతాడు. అన్ని మలుపుల్లోనూ ఆయన టాక్సీలో ఎవరూ వాంతి చేసుకున్న చరిత్ర లేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా జరిమానా కట్టలేదు. ఆయన ఎవరికీ చుట్టం కాదు. ఇంతకన్నా తటస్థుడు, ఇంతకన్నా పనివాడు దొరకడని వాదించాను.

ఒక ఎత్తు రోడ్డు మీద పరీక్ష పెట్టాం. టాక్సీ నిలబెట్టి, వెనక చక్రానికి ఆనించి అగ్గిపెట్టె పెట్టాను. బండి బయలుదేరేటప్పుడు వెంట్రుకవాసి వెనక్కి జారినా అది నలిగిపోతుంది. డ్రైవరన్న క్లచ్ వదిలాడు. టాక్సీ పైకే పోయింది. బావ వంగి అగ్గిపెట్టె తీసి, అటూ ఇటూ తిప్పి చూసి, అందులోంచి ఒక పుల్ల గీసి బీడీ ముట్టించుకున్నాడు. ఒప్పుకున్నట్టే.

"రేసులో తోలతావా అన్నా?" అని అడిగాను.

"తోలతా. ఎంత దూరం?"

"పావు మైలు."

"ఆ మీద?"

"ఆ మీద ఏం లేదు."

"పావు మైలు తోలేదానికి మద్రాసు దాకా పోవాల్నా?"



ఊరి బయట ఖాళీ రోడ్డు మీద రెండు ఆదివారాలు తోలించి చూశాం. ఆపమన్న చోట తప్ప ఎక్కడా ఆగలేదు. ఇక భయం లేదనుకున్నాను. ఈ వాక్యం గుర్తు పెట్టుకోండి, నేను చాలా ఏళ్ళు గుర్తు పెట్టుకున్నాను.

పోటీ రోజు తెల్లారి స్పెషల్‌ను లారీలో ఎక్కించుకొని అందరం బయలుదేరాం. అక్క కూడా చిత్రాన్నం గిన్నె ఒళ్ళో పెట్టుకొని ఎక్కింది. "మీ ఇద్దర్నీ ఒకే లారీలో పంపిస్తే, వచ్చేటప్పుడు ఒకడే వస్తాడు" అంది.

రన్‌వే దగ్గర బండ్లకన్నా మనుషులే పాతగా ఉన్నారు. టోపీలు పెట్టుకున్న ముసలివాళ్ళు, చేతికర్రల ముసలివాళ్ళు, ఒక కారు కింద పడుకొని నట్టు బిగిస్తూ, లేవడానికి ఇద్దరి సాయం అడుగుతున్న ముసలివాళ్ళు. స్పెషల్ లారీ దిగగానే పదిమంది చుట్టూ చేరారు. ఒకాయన రేకు మీద చెయ్యి పెట్టి అట్లాగే నిలబడిపోయాడు. మనసు కరిగేలా ఉందనుకునేలోపు, సీటు కింద ఇరుక్కున్న కోడి ఈక ఒకటి తీసి ఆయన మేస్త్రి చేతికి ఇచ్చాడు.

"ఇదెన్న సార్, స్పేర్ పార్టా?"

మేస్త్రి దాన్ని తీసుకుపోయి బావ ముందు పడేశాడు.

పాత బండ్లు కాబట్టి ఒక్కో బండికి ఒకటే పరుగు అన్నారు. మా పక్క లైను డాక్టరు గారి హెరాల్డ్‌దే. మొదలు గీత దగ్గర బల్ల వేసుకొని కూర్చున్న పెద్దమనిషి ఒక చీటీ మీద మా బండి నంబరు, టైము రాసి, ముద్ర వేసి, చింపి డ్రైవరన్నకు ఇచ్చాడు. "అవతల గేటులో ఇచ్చేయండి" అన్నాడు. డ్రైవరన్న దాన్ని రెండు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకొని, పైనుంచి ఒకసారి తట్టుకున్నాడు. నేను చూశాను. చూసి, నా నాలుగు వైర్లూ బిగుతుగా ఉన్నాయో లేదోనని ఇంకోసారి లాగి చూసుకున్నాను.

జెండా ఊగింది. హెరాల్డ్ చక్రాలు ఒక్క క్షణం ఉన్నచోటే తిరిగాయి. స్పెషల్ మాత్రం అగ్గిపెట్టె నలపకుండా పోయినట్టే పోయింది. మేస్త్రి కళ్ళు మూసుకున్నాడు. ఆయనకు ఇంజిను చెవులతోనే కనిపిస్తుంది. బావ రెప్ప వేయకుండా రేకు అదురుతుందేమోనని చూస్తున్నాడు. సగం దారి వచ్చింది. పాతికేళ్ళ కిందట ఆగిన చోటు అది. స్పెషల్ దాన్ని దాటింది. హెరాల్డ్ మూడు బండ్ల పొడుగు వెనక ఉంది. బావ చెయ్యి తనకు తెలియకుండానే మేస్త్రి భుజం పట్టుకుంది.

ముగింపు గీత ఇంకా యాభై గజాలు ఉందనగా స్పెషల్ నెమ్మదించింది. ఎడమ పక్కకు ఒదిగింది. డ్రైవరన్న చెయ్యి బయటికి చాపి, వెనక వచ్చేవాళ్ళకు మర్యాదగా సైగ చేసి, రన్‌వే అంచున చక్కగా నిలిపాడు. హెరాల్డ్ పక్కనుంచి దూసుకుపోయి గీత దాటింది. పోతూ పోతూ డాక్టరు గారు తల తిప్పి మరీ చూశారు.

రన్‌వే మొత్తానికీ వినబడేలా మేస్త్రి కేక.

"ఇంజిను ఆగలే! ఇనండప్పా, అందురూ ఇనండి, ఇంజిను ఆడతా ఉండాది!"

వెంటనే బావ: "రేకు ఊడలే! ఒక్క బోల్టు ఊడలే, సూసుకోండి!"

ముగ్గురం పరిగెత్తాం. పావు మైలు అంటే ఎంత దూరమో నాకు ఆ రోజు తెలిసింది. నేను చేరేసరికి డ్రైవరన్న బండి దిగి, తువ్వాలుతో బానెట్టు తుడుస్తున్నాడు.

"ఏమైందన్నా?"

"ఏం గాలే. శానా బిరీన వచ్చేసినాం. ఇట్నే పోతే గేట్లో ఫైను ఏస్తారు. రెండు నిమిషాలు ఆగి పోదాం."

మీలో కొండ రోడ్డు ఎక్కి దిగినవాళ్ళకు ఇది చెప్పనక్కర్లేదు. ఒక గేటులో చీటీ మీద టైము వేసి ఇస్తారు. వేగంగా తోలకుండా ఉండటానికి, ఇంత సమయం కన్నా ముందు అవతలి గేటు చేరితే జరిమానా. అందుకని ముందుగా వచ్చిన టాక్సీలు గేటుకు కాస్త ఇవతల పక్కకు నిలిపి, అద్దాలు తుడుచుకొని, టైమయ్యాక పోతాయి. డ్రైవరన్న ఏళ్ళ తరబడి, ప్రతి రోజూ, చీటీ జేబులో పెట్టుకొని అట్లాగే ఆగాడు. ఇక్కడా చీటీ ఇచ్చారు. అవతల రెండు స్తంభాలు, అడ్డంగా బ్యానరు, పక్కన బల్ల, కలం పట్టుకున్న మనిషి కనిపించారు. ఆయన కాలు తన పని తాను చేసింది. ఆయన టాక్సీలో వందసార్లు కొండెక్కిన నేను, ఆ చీటీ జేబులోకి పోతుంటే చూస్తూ నిలబడ్డాను. ఒక్క జరిమానా కూడా లేని డ్రైవరని అందరికీ చాటింపు వేసింది నేనే.

చెప్పేశాక ఆయనకే అర్థమైంది. తువ్వాలు చేతిలో ఆగిపోయింది. ఆ ముఖం చూసి నేను ఏ జోకూ వేయలేదు. వేయని సందర్భం నాకు అదొక్కటే గుర్తు.

రొప్పుతూ ఇద్దరు పెద్దలూ వచ్చారు. సంగతి విన్నారు. తర్వాత బావ అడిగాడు.

"ఈ డ్రైవర్ని తెచ్చిందెవురు?"

"ఇదో, ఈ కరెంటోడే!" అన్నాడు మేస్త్రి.

"ఈడేనా? అగ్గిపెట్టె పెట్టి మనల్ని మోసం చేసినోడు?"

"ఈడే బావా! నేను అప్పుడే అనుకున్న్యా."

"ఏం చేద్దాం బామ్మర్దీ వీణ్ణి? నువ్వే చెప్పు."

"నువ్వు పెద్దోడివి బావా, నువ్వే చెప్పు."

అప్పుడు ఇద్దరూ ఆగిపోయారు. పాతికేళ్ళలో ఒకరితో ఒకరు అన్న మొదటి మాటలు అవి. అన్నీ నా గురించే. చిత్రాన్నం గిన్నెతో అప్పుడే చేరుకున్న అక్క ఒకరి తర్వాత ఒకరి ముఖం చూసి, నాతో, "ఇంకొంచిం సేపు తిట్టించుకో నాయనా, మంచిగా మాట్టాడుకుంటా ఉండారు" అంది.

స్పెషల్ చివరికి గీత దాటింది. డ్రైవరన్న చీటీ కూడా ఇచ్చాడు. అక్కడ ఇచ్చిన ఫలితం కాగితంలో నిమిషాలు రాసే గడి ఒకటుంది. ఆ రోజు దాన్ని వాడుకున్నది మా బండి ఒక్కటే.

తిరుగు ప్రయాణంలో లారీ తిరుత్తణి దాటేసరికి ఒప్పందం బయటికి వచ్చింది. ఇప్పుడు నేరుగా మాట్లాడుకుంటున్నారు కాబట్టి గొంతులు ఇంకా పెద్దవయ్యాయి. ఇంజిను ఆగలేదు, కాబట్టి ఓడింది నేను కాదని మేస్త్రి. బాడీ చెదరలేదు, కాబట్టి నేనూ కాదని బావ. కాగితంలో డ్రైవరు గురించి ఒక్క ముక్క లేదు. అది రాసింది నేనే కాబట్టి ఆ తప్పు కూడా నాదే అయింది. నగరి వచ్చేసరికి తీర్పు ఖరారైంది: ఎవరూ ఓడలేదు గనక ఎవరి భాగం వాళ్ళదే. ముందున్నట్టే ఇంజిను తిరుపతికి, బాడీ చిత్తూరుకు. రోడ్డు పుత్తూరులో చీలుతుంది. బోల్టులు అక్కడే విప్పుదాం.

పుత్తూరంటే మీకు తెలుసు. విరిగిన ఎముకలకు కట్టు కట్టించుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చే ఊరు. చేతులు మెడకు వేలాడేసుకున్నవాళ్ళు, కాళ్ళకు వెదురు బద్దలు కట్టించుకున్నవాళ్ళు బస్సు కోసం కూర్చున్న చోట, మేము పొద్దువాలే వేళ లారీ ఆపి స్పానర్లు బయటికి తీశాం. అతికించుకొని ఇంటికి పోతున్నవాళ్ళంతా, విడగొట్టడానికి వచ్చిన మమ్మల్ని ఆసక్తిగా చూశారు.

మేస్త్రి స్పానరు బోల్టుకు పెట్టాడు. తిప్పలేదు. "నువ్వు తియ్యి బావా, బాడీ నీదే గదా."

"ఇంజిను నీది గదా. నువ్వే తియ్యి."

"నేను పోయినసారి తీసినాను."

"యాడ తీసినావు? పోయినసారి తీసింది నేను."

డ్రైవరన్న లారీ వెనక చక్రానికి ఆనుకొని నిలబడి ఉన్నాడు. టీ ఇచ్చినా తాగలేదు. మేస్త్రికి ఏమనిపించిందో, స్పానరు దించి అటు తిరిగాడు. పొద్దుటి నుంచి అందరూ నన్ను తిట్టారు గానీ, ఆయన్ని ఈ ప్రశ్న ఎవరమూ అడగలేదు.

"అది సరే, బండి ఎట్ట పోయింది?"

డ్రైవరన్న తలెత్తాడు. "నాకు తెలిసింది అంబాసిడరే అన్నా. ఇట్టాంటిది ఎప్పుడూ తోలలే." తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "మూడో గేరు పడినాంక, ఇంజిను యాడుండాదో, బాడీ యాడుండాదో నాకు తెలీలే. అంతా ఒకటే మాదిరిగా పోయింది."

మేస్త్రి స్పానరును పెట్టెలో పెట్టాడు. బావ ఆ పెట్టె మూత వేశాడు. దానికి గొళ్ళెం సరిగ్గా పడకపోతే వంగి, వంగని మోకాలితోనే, రెండోసారి నొక్కి పెట్టాడు.

లారీ డ్రైవరుకు ఇదేమీ పట్టలేదు. హారను కొట్టి, "ఇంగ యాడికప్పా? తిరపతికా, సిత్తూరుకా?" అన్నాడు. ఎవరు ఏ ఊరు చెప్పినా మళ్ళీ మొదటికే వస్తుందని అందరికీ తెలుసు.

"నాకు నడుము నొప్పిగా ఉండాది," అంది అక్క. "ఏది దగ్గరయితే ఆడికి పోనీ."

తిరుపతే దగ్గర. పాతికేళ్ళ తగాదా ఆ విధంగా కిలోమీటర్ల లెక్కన తీరిపోయింది.

ఆ రాత్రి కడపటి బస్సుకు చిత్తూరు పోయిన బావ, మర్నాడు మొదటి బస్సుకే మళ్ళీ తిరుపతిలో దిగాడు. లారీలో కుదుపులకు బాడీ ఏమైనా దెబ్బతిన్నదేమో చూసి పోదామని వచ్చాడట. సాయంత్రం దాకా చూశాడు. మేస్త్రి ఆయనకు ఇడ్లీ తెప్పించాడు. తర్వాతి ఆదివారం వచ్చి మళ్ళీ చూశాడు. నేను షెడ్డులో ఉన్న ఆ తర్వాతి నాలుగేళ్ళూ ప్రతి ఆదివారం వచ్చి చూసేవాడు. బాడీ ఎప్పుడూ క్షేమంగానే ఉండేది. ఆయన మాత్రం ఒక్కసారి కూడా నమ్మలేదు.